ఇంకా రాని మిషన్ లోపలి ఫ్యాన్

ఇంకా తయారుకాని వస్తువు లోపల ఏముందో తేల్చగలిగిన ఊరే నాగరికమైన ఊరు. ఆ లెక్కన తిరుపతి ఎప్పుడో గట్టెక్కింది.

టీవీకి తగిలించి ఆడే గేమ్ మిషన్ వచ్చిన మూడు నాలుగేళ్లకు, కంపెనీవాళ్లు దానికే కాస్త బలం పట్టించి మళ్లీ అమ్ముతారు. అలా రాబోయే మిషన్‌లో ఏమేముంటాయో ముందుగానే నిర్ధారించడానికి, యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే చక్రధర్ వాట్సాప్‌లో ఒక సంఘం స్థాపించాడు. (సభ్యులు రెండొందల పదముగ్గురు. మిషన్ ఉన్నవాళ్లు తొమ్మిదిమంది. ఆడేవాళ్ల ప్రస్తావన నిబంధనావళిలో లేదు.)

నిబంధనావళి మాత్రం గట్టిది. "మా బావమరిది చెప్పినాడు" అన్నది ప్రథమ శ్రేణి ఆధారం. "ఎవురో ఫొటో పంపినారు" అన్నది ద్వితీయ శ్రేణి. కంపెనీ స్వయంగా చెప్పేది తృతీయ శ్రేణి. అమ్ముకునేవాడి మాట ఎవరు నమ్ముతారు? చల్లదనం విభాగానికి అధిపతి లాడ్జి మేనేజర్ ఢిల్లీబాబు. ఆయన బావమరిదికి శ్రీహరికోట దారిలో టీ కొట్టు ఉంది కాబట్టి, వేడి గురించి ఆయనకు తెలియనిది లేదు.

చక్రధర్ భార్య పంకజాక్షికి ఈ శాస్త్రంతో పనిలేదు. ఆమెకు మధ్యాహ్నంతోనే పని. భర్త ఆఫీసుకు పోయాక, గిన్నెలు బోర్లించి, సోఫాలో బాసింపట్టు వేసుకుని, ఇంట్లో ఉన్న పాత మిషన్‌లో ఏడు కోటలు జయించింది. ఎనిమిదో కోటలో మూడు తలల రాక్షసుడు. రెండు తలలు తీసేసింది. (మూడోది తీసేలోపు పాలాయన బెల్లు కొట్టాడు.)

ఆ సాయంత్రమే చక్రధర్ చల్లగా చెప్పాడు.

"పంకజా, ఆదివారం ఈ పాతది ఢిల్లీబాబుకు ఇచ్చేస్తా ఉండా. కొత్తది వస్తే దీన్ని ఎవురు ముట్టుకుంటారు?"

"మరి అందులో ఆడిందంతా?"

"యాడ ఆడినాం? నేను ఆన్ చేసి ఏడాదయింది. నువ్వు దుమ్ము తుడవడం తప్ప దాని జోలికే పోవు గదా."

"అవును. రోజూ తుడస్తానే ఉండా," అంది పంకజాక్షి.

మిషన్ పోతే ఏడు కోటలూ పోతాయి. మర్నాడు ఆమె గ్రైండర్‌ను తలకిందులు చేసి, అడుగున ఉన్న ఫ్యాన్‌ను కొంచెం మసగ్గా ఫొటో తీసి, నగరిలోని తమ్ముడు మునికుమార్‌కు పంపింది. అతను దాన్ని చక్రధర్‌కు పంపాడు. "బావా, కొత్త మిషన్ లోపలి ఫ్యాన్ అంట. పాతది చేతిలో ఉన్నోళ్లకే ముందు ఇస్తారంట."

బావమరిది. ప్రథమ శ్రేణి.

లాడ్జి రిసెప్షన్‌లో అత్యవసర సమావేశం జరిగింది.

"ఏం ఫ్యానప్పా! సూడు, దీంతో రాకెట్‌నే చల్లార్చొచ్చు," అన్నాడు ఢిల్లీబాబు.

"ఈ మూల తెల్లగా ఉండాదే, ఏందబ్బా?" అని అడిగాడు చక్రధర్.

"వేడి పీల్చే పూత. మా బావమరిదిని అడిగినా."

(ఇడ్లీ పిండి.)

ఫ్యానే ఇంతుంటే మిషన్ పన్నెండు కిలోలు తూగాలని తీర్మానించారు. నలుగురు సభ్యులు వడ్రంగిని పిలిపించి టీవీ బల్లలకు అదనపు కాళ్లు కొట్టించారు. బంగారుపాళ్యం సభ్యుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి, త్రీ ఫేజ్ కరెంటుకు దరఖాస్తు రాయించాడు. (కారణం అన్న గడిలో 'వినోదం' అని రాశాడు.) ఆదివారం పాత మిషన్ ఇంట్లోంచి కదలలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడో తల తెగింది. పంకజాక్షి కేకకు పక్కింటి దేవకమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మా, మీద బల్లి పడిందా?"

"రాక్షసుడు పడినాడక్కా. రా, కాఫీ తాగుదాం."

నెల తిరక్కముందే కంపెనీ కొత్త మిషన్‌ను లోకానికి చూపించింది. లోపల ఫ్యాన్ అరచేయంత కూడా లేదు. సంఘం దాన్ని తృతీయ శ్రేణి ఆధారంగా పరిగణించి ఏకగ్రీవంగా తిరస్కరించింది.

"అసలుది దాచిపెట్టినారు పంకజా," అన్నాడు చక్రధర్. "వచ్చే తరం దాకా ఆగాల్సిందే. పాతదాన్ని మాత్రం జాగ్రత్తగా తుడస్తా ఉండు. వచ్చేదాని లోపల ఏముంటుందో మునికుమార్‌ను అడుగుతా."

ఆటలో రెండో భాగం ఉంది. పన్నెండు కోటలు. పంకజాక్షి వంటింట్లోకి పోయి మిక్సీని తలకిందులు చేసింది.