ఓబులేసు మొదటి స్ట్రైక్

ఆ సోమవారం పొద్దున ఓబులేసు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీకి వెళ్లి స్ట్రైక్ చేయాలి.

హొసకోటెలో ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే ఫ్యాక్టరీలో అతను వెల్డింగు అప్రెంటిసు. చేరినప్పటి నుంచీ ఇనుము మోయడం, తుప్పు గీకడం తప్ప వెల్డింగు రాడ్డు ముట్టుకోనివ్వలేదు. ఇవాళ మేస్త్రీ రామాంజినప్ప పరీక్ష పెడతానన్నాడు. మెరుపు రప్పిస్తే వెల్డింగు సెక్షన్లో చోటు. లేకపోతే స్టోర్సులో మూటలు మోయడమే.

"అగ్గిపుల్ల గీసినట్టు రాడ్డును ప్లేటు మీద గీయల్ల. తెల్లగా మెరుపొస్తాది. దాన్నే స్ట్రైక్ అంటారు," అంటూ ఓబులేసు ఇంట్లో బయల్దేరే ముందు భార్యకు అగరొత్తిని కాఫీ లోటా మీద గీసి చూపించాడు.

కొత్త పెళ్లికూతురు మునిలక్ష్మి చప్పట్లు కొట్టింది. "అగరొత్తికే ఇంత బాగుండాది. రాడ్డుకు ఇంకెంత బాగుంటాదో!"

అతని సైకిలు మలుపు తిరిగాక కూడా ఆమెకు సంతోషం ఆగలేదు. వఠారం కొళాయి దగ్గర పక్కింటి సొన్నమ్మ కనిపించింది.

"అక్కా, ఈపొద్దు మా ఆయన స్ట్రైక్ చేస్తాడు. మొదటిసారి!"

సొన్నమ్మ బిందె పక్కకు జరిపింది. ఆమె భర్త నంజప్ప అదే ఫ్యాక్టరీలో యూనియన్ సెక్రటరీ. "స్ట్రైకా? ఎవురెవురు చేస్తారే?"

"ఒక్కరే అక్కా. తోడు ఎవురూ ఉండకూడదంట," అంది మునిలక్ష్మి గర్వంగా.

లోపల గడ్డం గీసుకుంటున్న నంజప్ప సబ్బు నురగతోనే బయటికొచ్చాడు. "నిన్నగాక మొన్నొచ్చిన పిల్లోడు నాకు చెప్పకుండా స్ట్రైక్ చేస్తే, నేను యాడి సెక్రటరీనే? వాడికంటే ముందు నేనే చేస్తా!"

ఒక చెంప మాత్రమే నున్నగా ఉన్న నంజప్ప ఫ్యాక్టరీ షెడ్డులో నిలబడి "పని నిలపండప్పా!" అని కేకేశాడు. అందరూ నిలిపేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు. సోమవారం పొద్దున అలాంటివి అడిగేంత ఓపిక ఎవరికుంటుంది? కొత్తగా వచ్చిన పర్సనెల్ మేనేజరు కంగారుపడి మెయిన్ స్విచ్ ఆపించాడు.

మూల గదిలో ఓబులేసు ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని ప్లేటు మీద రాడ్డు గీస్తున్నాడు. మెరుపు రాలేదు. ఆ అద్దంలోంచి చూస్తే మామూలుగానే అంతా చీకటి కాబట్టి కరెంటు పోయిన సంగతి అతనికి తెలియదు. తప్పు తనదేననుకుని ఇంకా గట్టిగా గీశాడు. మేస్త్రీ ఏమో టీకి వెళ్లాడు.

ఈలోగా మేనేజరు నంజప్పను పట్టుకున్నాడు. "మీ డిమాండేమిటి?"

డిమాండేమిటో నంజప్పకూ తెలియదు. "మొదలుపెట్టినోడు ఆ గదిలో ఉండాడు సార్. వాడినే అడుగుదాం రండి."

అద్దం పైకెత్తిన ఓబులేసుకు ఎదురుగా ఫ్యాక్టరీ మొత్తం కనిపించింది.

"ఏం కావాలయ్యా నీకు?" అన్నాడు మేనేజరు.

పైన ఆగిపోయిన ఫ్యాను వైపు ఓబులేసు అప్పుడే చూశాడు. "కరెంటు సార్."

"అంతేనా?"

"అంతే సార్. అది లేకుంటే నేనేం చేయల్ల?"

"శాంక్షన్!" అన్నాడు మేనేజరు, ఊపిరి పీల్చుకుని. నంజప్ప కార్మిక ఐక్యత వర్ధిల్లాలన్నాడు. ఫ్యాన్లు తిరిగాయి.

అందరూ చూస్తుండగా ఓబులేసు రాడ్డు గీశాడు. చిటపటమని ఒక్క రవ్వ రాలింది. మరుక్షణం రాడ్డు ప్లేటుకు అతుక్కుపోయింది. లాగితే ప్లేటుతో సహా లేచింది. అయిపోయింది, స్టోర్సే గతి అనుకున్నాడు.

టీ ముగించుకుని గుంపును తోసుకుంటూ వచ్చిన రామాంజినప్ప ఆ ప్లేటును చూసి నిట్టూర్చాడు. "ఇది లెక్కలోకి రాదు. ఇంకోసారి స్ట్రైక్ చెయ్యప్పా."

మేనేజరు అదిరిపడి మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు వద్దు! ఒకటి చాలు. పాసు చేసెయ్యండి!"

ఆ విధంగా ఓబులేసు వెల్డరుగా పాసయ్యాడు. వెల్డింగు నేర్చుకోవడం మంగళవారం నుంచి మొదలుపెట్టాడు.