శాకాహారి, కుటుంబం, ఇంకో మాట

హఫీజ్‌పేట్‌లోని ఏకదంత నిలయం సంక్షేమ సంఘం అద్దెదారుల ఎంపికలో పక్షపాతాన్ని శాశ్వతంగా రద్దు చేసింది. ఇకపై ఆ బాధ్యత కంప్యూటర్‌ది.

దాన్ని నడిపే భాగ్యం సాయిచంద్‌కు దక్కింది. హైటెక్ సిటీలో అతని ఉద్యోగమే అది: లక్షల వరుసల్లోంచి కావలసిన మాటలున్న వరుసను గ్రెప్ అనే ఆజ్ఞతో పైకి తీయడం. ఇందులో అతనికి స్వార్థం లేకపోలేదు. తనతో చదువుకున్న హన్నా, ఇప్పుడు నర్సు, ఉన్న ఇల్లు ఆదివారంలోగా ఖాళీ చేయాలి. పై అంతస్తు చంద్రమ్మ తన ఫ్లాటు ఆమెకే ఇస్తానంది. సంఘం ఊ అంటే చాలు.

"రెండే మాటలు నాయనా," అన్నారు కార్యదర్శి కామేశ్వరరావు గారు. "శాకాహారి, కుటుంబం."

దరఖాస్తులన్నీ ఒకే ఫైల్లో, మనిషికో వరుసగా ఉన్నాయి. మొదటిసారి సాయిచంద్ ఆ రెంటిలో ఏది ఉన్నా సరే అన్నట్టు రాశాడు. కోడి పలావు కుటుంబాలు, ఆకుకూరల బ్రహ్మచారులు అందరూ ఎంపికయ్యారు. సంఘం దిగ్భ్రాంతి చెందింది. రెండోసారి శాకాహారి ముందు, కుటుంబం తర్వాత ఉండాలన్నట్టు రాశాడు. ఎవరూ రాలేదు. హన్నా తన దరఖాస్తులో ఇంట్లోవాళ్ల గురించి ముందు, తిండి గురించి తర్వాత రాసింది. "క్రమం తప్పినవారికి ఇల్లెందుకు?" అన్నారు కామేశ్వరరావు గారు.

మూడోసారి శాకాహారి జల్లెడలో నిలిచినవాటిని కుటుంబం జల్లెడలో పోశాడు. ఇక ముందువెనకలతో పని లేదు. ఒకే ఒక్క వరుస మిగిలింది: హన్నా.

"ఇగ అయిపాయె గదా! తాళాలు ఇచ్చేస్త," అంది చంద్రమ్మ.

కామేశ్వరరావు గారు ఆ పేరును రెండుసార్లు చదివి, కళ్లు మూసుకుని సెలవిచ్చారు. "పక్షపాతం కూడదు. ఇంకో జల్లెడ పెట్టు నాయనా. పూజగది."

తెర ఖాళీ అయింది. మూడు మాటలూ ఉండాలన్న తీర్మానం ఏకగ్రీవం.

"దేవుడు గూడ మనల గిట్లనే జల్లెడ పడితే ఎవలు మిగుల్తరు బిడ్డా?" అంది చంద్రమ్మ. సాయిచంద్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

హన్నా బాచుపల్లికి సామాను తరలించింది.

మరుసటి వారం తన ఇంట్లో వ్రతం మధ్యలో కామేశ్వరరావు గారికి గుండెదడ మొదలైంది. అంబులెన్స్ ట్రాఫిక్‌లో చిక్కుకుంది. "ఆ ఫైల్లో నర్సు ఉంది కదా, వెతుకు!" అన్నారాయన, వ్రతానికొచ్చిన సాయిచంద్‌తో.

సాయిచంద్ వినయంగా అడిగాడు. "శాకాహారి, కుటుంబం, పూజగది కూడా కలపమంటారా అంకుల్?"

"నర్సు! ఆ ఒక్క మాట చాలు!"

వరుస చివర ఫోన్ నంబరు ఉంది. అవతల హన్నా కూడా ఒక్కటే అడిగింది. "ఊపిరి ఆడుతోందా అండీ?" ఆ తర్వాత ఏం చేయాలో చెబుతూ, అంబులెన్స్ వచ్చేదాకా ఫోన్ పెట్టలేదు.

కామేశ్వరరావు గారు కోలుకున్నారు. చంద్రమ్మ ఫ్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. నిబంధన అమల్లోనే ఉంది. మీ సంఘానికీ ఆ మూడో మాట కావాలంటే సాయిచంద్ కలిపి పెడతాడు. మీ దగ్గర ఇప్పటికే ఉంటే సరే.