ఇంటిబండికి బ్రేకులు వేయించిన రోజు

లెక్కల మాస్టారు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేవకముందే బండి తీసి మెకానిక్ షెడ్డులో వదిలేసి, ఆవిడ కాఫీ కలిపే వేళకి ఏమీ ఎరగనట్టు వరండాలో పేపరు చదువుతూ కనబడాలి.

బండి అంటే మోటార్‌హోమ్. లోపల పొయ్యి, సింకు, డ్రైవరు సీటుకి పైన అటకలాంటి పడక. ఇంట్లోవాళ్ళు దాన్ని ఇంటిబండి అంటారు. వయసు ఇరవై ఆరేళ్ళు. ఇప్పటికీ తాళం తిప్పగానే కదులుతోందంటే ఆ ఘనత మాస్టారిదే. వారానికోసారి ఇంజను వేడెక్కేదాకా నడుపుతారు. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్పిస్తారు. అరగకపోయినా సరే, ఆరేళ్ళు నిండిన టైరుని తీసేస్తారు. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఏకైక విద్యార్థి అదే. ఒక్క పైకప్పు దగ్గరే ఆయన పప్పులుడకలేదు. మూడేళ్ళుగా ఎక్కడినుంచో వాననీరు లోపలికి కారుతోంది. కప్పు మీది కిటికీ చుట్టూ ఎన్నిసార్లు సీలెంటు పూసినా ఆగలేదు.

ముందురోజు సాయంత్రం ఆవిడ ఓపిక నశించింది.

"ఆరేళ్ళయిందండీ, అందులో మనం ఎక్కడికైనా వెళ్ళి. పొద్దస్తమానం రిపేర్లే! ఆ బండో, నేనో, తేల్చుకోండి."

మాస్టారు ఏమీ తేల్చుకోలేదు. మర్నాడు బ్రేకులు చూపించాలన్న సంగతి మాత్రం మింగేశారు.

జలుబు చేసిందని ఆ రాత్రి ఆవిడ పక్కగదిలో పడుకుంది. పొద్దున్నే ఆ తలుపు ముందునుంచి మాస్టారు పిల్లిలా నడిచి వెళ్ళారు. ఆయనకి తెలియనిదేమిటంటే, ఆ గదిలో ఎవరూ లేరు. తెల్లవారుతూనే చినుకులు పడేసరికి, ఉతికి బండిలో పెట్టిన దుప్పట్లు తడుస్తాయని ఆవిడ అందులోకి వెళ్ళింది. దుప్పట్లు ఓ పక్కకి సర్ది, జలుబు మాత్ర మగతలో పై పడక మీద ఐదు నిమిషాలని నడుం వాల్చి, తెర లాక్కుంది. బండి కదిలినా మెలకువ రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఇంజను చప్పుడుకి ఆవిడకి నిద్ర పట్టడమే గాని చెడిపోవడం లేదు.

మాస్టారు బండి అప్పగించి నడిచి ఇంటికొచ్చారు. కాఫీ వాసన లేదు. పక్కగది తలుపు తోస్తే మంచం ఖాళీ. ఫోను వంటింట్లోనే ఉంది, చెప్పులు లేవు. "తేల్చుకోండి" అన్న మాట చెవిలో గంటలా మోగింది.

ముందు కూతురికి ఫోన్ చేశారు. కూతురు పెద్దమ్మకి చేసింది. పక్కవీధిలో ఉండే ఆ వదినగారు భర్తతో సహా పది నిమిషాల్లో దిగి, బీరువా తెరిచి, "ప్రయాణం బ్యాగు కూడా లేదు" అని ప్రకటించింది. ఆ బ్యాగు ఆరేళ్ళుగా బండిలోనే ఉందని ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు.

మాస్టారి తోడల్లుడు కోర్టులో గుమాస్తాగా చేసినవాడు. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాడు.

"ఆవిడ ఏ రంగు బట్టల్లో ఉంది?"

మాస్టారు ఆలోచించారు. "తెలీదన్నయ్యా."

"జలుబుకి ఏ మాత్ర వేసుకుంది?"

"తెలీదు."

"పోనీ, ఆ బండి వెనక టైర్లలో గాలెంత?" అంది వదినగారు.

"యాభై ఐదు" అనేసి, మాస్టారు తల దించుకున్నారు.

అటు షెడ్డులో మెకానిక్ బండిని లిఫ్టు మీద నిలువెత్తుకి లేపి, నాలుగు చక్రాలూ విప్పి, బ్రేకులన్నీ నేల మీద పరిచాడు. అప్పుడు పైన తలుపు తెరుచుకుంది. నైటీ మీద శాలువా కప్పుకున్న ఒకావిడ కాలు బయటపెట్టబోయి, కింద నేల లేకపోవడంతో వెనక్కి తీసుకుంది.

"అమ్మో! ఎవరండీ మీరు?" అన్నాడు మెకానిక్.

"ఈ బండి తాలూకు మనిషినే. దించు ముందు."

"చక్రాలు బిగించేదాకా దించకూడదమ్మా. నిచ్చెన వేస్తాను."

"ఇంతమంది ముందు నైటీలో నిచ్చెన దిగాలా? సార్‌కి ఫోన్ చెయ్యి."

నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ మాస్టారు ఎవరో ఒక బంధువుతో మాట్లాడుతున్నారు. తర్వాత మూడుసార్లు మోగింది గాని, ఈ ఘోరంలో బండి ఊసెందుకని ఆయనే కట్ చేశారు. ఎనిమిదోసారి మోగేసరికి ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు.

"చూడు బాబూ, బండి అమ్మేస్తున్నాను. ఎవరడిగినా ఇచ్చెయ్యి" అన్నారు.

మెకానిక్ ఓసారి పైకి చూశాడు. "అమ్మగారు ఒప్పుకోవడం లేదండీ."

"ఏ అమ్మగారు?"

వదినగారు చెల్లెలి బట్టలు సంచిలో కుక్కింది. ముగ్గురూ షెడ్డుకి పరిగెత్తారు. ఆవిడ బండి గుమ్మంలో, గాలిలో కాళ్ళు వేలాడేసుకుని, టీ తాగుతోంది. మాస్టారు తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

"నీలం" అన్నారు చివరికి, తోడల్లుడితో.

"ఊరికే కూర్చోవడం ఎందుకని కప్పు మీద పైపుతో నీళ్ళు కొట్టించాను" అంది ఆవిడ. "కారేది కిటికీ దగ్గర కాదు. కప్పు ముందంచున ఉన్న చిన్న దీపం మరమేకు సందులోంచి. బొట్టు సరిగ్గా నా దిండు మీదే పడింది. ఇప్పుడు అక్కడ సీలెంటు పెట్టాడు. మూడేళ్ళనుంచీ మీకెందుకు దొరకలేదో తెలుసా? మీరు ఎప్పుడూ దాని కింద పడుకోవడమే గాని, అందులో పడుకున్నదెప్పుడు?"

"నీకోసం అమ్మేద్దామనుకున్నాను" అన్నారు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవర్నడిగి?"

"నిన్న నువ్వేగా అన్నావు, బండో నేనో అని!"

"నిన్న కారుతోంది. ఇవాళ కారడం లేదు." ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళలో ఇంత హాయిగా నిద్రపోలేదండీ. ఆదివారం కొండలవైపు వెళ్తున్నాం. ఏం విరిగినా అక్కడే విరగనివ్వండి."

మాస్టారు సరేనన్నారు.

మధ్యాహ్నానికి చక్రాలు బిగించి బండి దించారు. బట్టలు మార్చుకున్న ఆవిడ మాస్టారి చేతిలోంచి తాళం తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. అక్కగారిని పక్కన ఎక్కించుకుంది. మగవాళ్ళిద్దరూ వెనక తలుపు దగ్గరికి వెళ్ళబోతే కిటికీలోంచి తల బయటపెట్టి ఆపింది.

కొత్త బ్రేకుల మీద మొదటిరోజే అంత బరువు పడకూడదు కాబట్టి, వాళ్ళిద్దరూ బస్సులో ఇంటికి వెళ్ళారు.