మూడు నుంచి మొదలైన టేపు

ఆ వీధిలో అంగుళం మాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. బట్టలు కుట్టడం ఆయన వృత్తి. కొలవడం ఆయన జబ్బు.

మామూలు జబ్బు కాదది. పళ్ళు తోముకునే పేస్టు అర అంగుళం దాటకూడదు. కుర్చీకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. భార్య మనసారా నవ్వినా, ఈ పాటి మాటకి ఇంత నవ్వు అవసరమా అన్నట్టు చూస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ అది ప్రేమ చూపు అనుకుంది, పాపం.

ఆ కొలతలకి లొంగనిది ఇంట్లో ఒకే ఒక్క శాల్తీ. మాస్టారి తండ్రి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా ముందు బ్రేకు మీద కాలేస్తాడని వీధి వీధంతా ఆయన్ని బ్రేకుల తాత అంటారు.

తాతకి షుగరుంది. పాదాలు వాస్తున్నాయని ఒకరోజు డాక్టరుకి చూపించారు. కాళ్ళలో రక్తం సరిగ్గా ఆడటం లేదనీ, రోజూ నడవాలనీ, ఇలాగే కూర్చుంటే కొన్నాళ్ళకి లేవాలన్నా లేవలేరనీ డాక్టరు చెప్పాడు. మాస్టారికి గుండె జారిపోయింది. తల్లి పోయాక ఆయనకి మిగిలిన పెద్ద దిక్కు ఈయనొక్కడే.

భయం వేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు దణ్ణం పెట్టుకుంటారు. మాస్టారు టేపు తీస్తాడు.

మర్నాడు పొద్దున్నే తండ్రికి బూట్లు తొడిగాడు. గేటు నుంచి మందుల షాపు, అక్కణ్ణించి వీధి పంపు, మళ్ళీ గేటు అని దారి నిర్ణయించాడు. చేతులు ఎంత ఎత్తు ఊపాలో ఊపి చూపించాడు. అంతటితో ఆగినా బాగుండేది. వెనకాలే నడుస్తూ, "అడుగు పొట్టిగా పడుతోంది నాన్నా" అన్నాడు.

తాత పంపు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి బండి షెడ్డులోంచి కదిలితే ఒట్టు.

మాస్టారు బతిమాలాడు, కోప్పడ్డాడు, దేవుడి మీద ఒట్టేయించుకోబోయాడు. దేవుణ్ణి ఇందులోకి లాగకురా అన్నాడు తాత. చివరికి కూర్చోడానికి మెత్తగా ఉండబట్టే లేవడం లేదని కుర్చీలో దిండు తీసేశాడు. తాత దిండు లేకుండా కూర్చున్నాడు. ఇంకాస్త బిగుసుకుని కూర్చున్నాడు కూడా.

"ఏవండీ, ఆయనకేం చేయాలనుందో ఒక్కసారైనా అడిగారా?" అంది భార్య.

"అడగడమేమిటే? గుడ్డని అడిగి కత్తిరిస్తామా?"

"మామయ్య గుడ్డ కాదండీ."

ఆ మాట మాస్టారి చెవి దాకా వచ్చి, అక్కడ ఇరుక్కున్న పెన్సిలుని చూసి వెనక్కి పోయింది. ఎందుకంటే అప్పటికే ఆయన బుర్రలో ఒక పన్నాగం తయారవుతోంది. ఒక పాత టేపు తీసుకుని మొదట్లో రెండంగుళాలు కత్తిరించాడు. ఆ ముక్క కొసనున్న రేకుముక్కని ఊడదీసి, తెగిన చోట మళ్ళీ బిగించాడు. ఇప్పుడు ఆ టేపుతో ఎవరి నడుము కొలిచినా రెండంగుళాలు ఎక్కువ చూపిస్తుంది.

కొత్త ప్యాంటు కుడతానని చెప్పి తండ్రి నడుముకి దాన్ని చుట్టాడు. "అయ్యయ్యో, కిందటిసారి కంటే రెండంగుళాలు పెరిగిపోయింది నాన్నా" అని, గొంతులో ఉన్న విచారమంతా వాడేశాడు.

తాత కిందికి వంగి టేపుని చూశాడు. కాసేపు చూశాడు. తర్వాత కొడుకు మొహం చూశాడు. "ఓహో" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు భోజనానికి ఇంటికొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి తాత చెమట తుడుచుకుంటూ గేటు తీసుకుని వచ్చాడు. ఆ మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి పాదాల వాపు దిగింది. ఆ దిగిన వాపంతా మాస్టారి ఛాతీలోకి ఎక్కింది.

"ఎలా ఉంది నా కొలత?" అన్నాడు భార్యతో.

"మీ కొలతకేం" అని ఆవిడ పెదాల మధ్య సూది పెట్టుకుని, గుండీలు కుట్టడానికి వంగింది. నోట్లో సూది ఉంటే నవ్వు పైకి కనపడదు.

ఇక్కడే మాస్టారు ఒక సంగతి మరిచిపోయాడు. తండ్రిని కొలిచిన రోజున ఆ టేపుని అలవాటు కొద్దీ మెడలో వేసుకునే షాపుకి వెళ్ళాడు. టైలరు మెడలో టేపు ఉన్న సంగతి ఊరందరికీ తెలుస్తుంది, టైలరుకి తప్ప. పైగా ఏ టైలరూ టేపు మొదలు చూడడు, కొలత వచ్చే చోటే చూస్తాడు. కొలత ఆ టేపుతో, కత్తిరింపు బల్ల మీది చెక్క స్కేలుతో. ఇంకేముంది, ఆ నెలలో షాపులోంచి బయటికి వెళ్ళిన ప్రతి ప్యాంటూ రెండంగుళాలు వదులు.

మొదటి ప్యాంటు ఆయన తనకే కుట్టుకున్నాడు. వేసుకుంటే జారింది. అద్దం ముందు నిలబడి మురిసిపోయాడు. తిండిలో కొలత పాటించడం వల్ల చిక్కానని, మిగతావాళ్ళు కూడా తనని చూసి నేర్చుకోవాలని భార్యకి ఉపన్యాసమిచ్చాడు. ఇస్తున్నంతసేపూ ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే ఉన్నాడు.

రెండోది బడి హెడ్మాస్టరుది. వార్షికోత్సవం వేదిక మీద ఆయన క్రమశిక్షణ గురించి మాట్లాడుతుండగా ప్యాంటుకి క్రమశిక్షణ తప్పింది. మైకు వదిలితే మాట పోతుంది, ప్యాంటు వదిలితే పరువు పోతుంది. ఆయన మాటనే వదులుకున్నాడు. తర్వాత మాస్టారిని నిలదీస్తే, కొలతలో తప్పు రాదు సార్, మీరే చిక్కిపోయారు అన్నాడీయన తన నడుముని ఉదాహరణగా చూపిస్తూ.

హెడ్మాస్టరు హడలిపోయి, ఏ మాయదారి రోగం పట్టుకుందోనని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు ఆయన్ని బల్ల మీద పడుకోమని కుర్చీలోంచి లేచాడు. లేస్తూ గబుక్కున తన ప్యాంటు తను పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి చేతుల వంక ఒకరు చూసుకున్నారు. పరీక్షలేవీ అవసరం లేకుండానే రోగమేమిటో తేలిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి షాపుకి వచ్చారు. ఒక్కో చేత్తోనే నమస్కారం పెట్టారు. మాస్టారు ఏదో చెప్పబోతుంటే, షాపులో ఓ మూల గుండీలు కుడుతున్న భార్య లేచి, ఆయన మెడలోంచి టేపు లాగి, మొదలు ఆయన కళ్ళ ముందు పట్టింది. ఒకటి లేదు. రెండు లేదు. రేకుముక్క పక్కనే మూడు.

"ఇది... నాన్న కోసం..." అన్నాడు మాస్టారు. "ఈ టేపుకి భయపడే కదా ఆయన నడవడం మొదలెట్టింది!"

"బస్సు తోలినవాడికి అంకెలు రావనుకున్నావట్రా?" అని గుమ్మంలోంచి వినపడింది. తాత. నడుచుకుంటూ వచ్చాడు, ఎవరి సాయమూ లేకుండా. "మూడు నుంచి మొదలయ్యే టేపుని ఆ రోజే చూశాను. పాపం ఇంత కష్టపడ్డాడే అని ఊరుకున్నాను."

"మరి నడకెందుకు మొదలెట్టావు?"

"కోడలు అడిగింది, మామయ్యా మీకేం చేయాలనుంది అని. ఉద్యోగమంతా వాళ్ళిచ్చిన రూటులోనే తోలాను. అద్దంలోంచి రోజూ ఎన్ని సందులు కనపడేవో. ఒక్కదాంట్లోకీ తిప్పడానికి లేదు. ఇప్పుడైనా నా ఇష్టమొచ్చిన సందులో తిరుగుతానమ్మా, ఎటు ఎందుకు ఎంతసేపు అని ఎవరూ అడగొద్దు అన్నాను. సరేనంది. అంతే."

డాక్టరు వంగి తాత పాదాలు నొక్కి చూశాడు, ఒంటి చేత్తోనే. ఎంత దూరం నడుస్తున్నారని అడిగాడు. ఏమో, కొలవలేదు అన్నాడు తాత.

దేవుడు మనిషికి కాళ్ళిచ్చి, ఎటు వెళ్ళాలో మనిషికే వదిలేశాడు. అంత పెద్దాయనకి లేని తొందర మనకెందుకో మరి. మాస్టారికి కూడా అప్పుడే ఇలాంటిదేదో తట్టినట్టుంది. కత్తెర బల్ల మీద పెట్టేసి తలొంచుకున్నాడు. వదులైన ప్యాంట్లన్నీ రేపటికల్లా సరిచేసిస్తానని ఇద్దరికీ మాటిచ్చి పంపించాడు.

"నేను నడకకి పోతున్నా. నీకు రావాలనుంటే రా" అన్నాడు తాత.

"ఏ దారిన నాన్నా?" అని నోటిదాకా వచ్చింది. భార్య సూది పట్టుకుని చూస్తోంది. మాస్టారు మింగేసి, మెట్లు దిగాడు. కుడిచేయి నడుము మీద బిగించి, జారుతున్న ప్యాంటుతో తండ్రి వెనకాల చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ బయల్దేరాడు.

సందు మలుపులో తాత ఆగి వెనక్కి చూశాడు.

"అడుగు పొట్టిగా పడుతోందిరా" అన్నాడు.