పథ్యం పాటలు

ఆ శనివారం పొద్దుటికి కౌంటరమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా పళ్ళ ఆసుపత్రి తాళం తీయాలి. సంచిలోంచి బొటనవేలంత నల్లటి పెన్ డ్రైవ్ తీసి కౌంటరు వెనక అరలో ఉన్న పాటల పెట్టెకు గుచ్చాలి. మీట నొక్కాలి. తొమ్మిదింటికి డాక్టరు గారు వచ్చేసరికి, అది నిన్న సాయంత్రం గడప దాటి వెళ్ళి వచ్చిందన్న సంగతి గోడ మీది దవడ బొమ్మకు కూడా తెలియకూడదు.

అడగకుండా తీసుకెళ్ళడాన్ని ఏమంటారో ఆమెకు తెలుసు. ఆ మాట నోటి దాకా రాకుండా, "ఒక్క రాత్రికే కదా" అని తనకు తనే వందసార్లు చెప్పుకుంది. ఎనిమిది నెలల కూతురు వారం రోజులుగా రాత్రిళ్ళు కన్ను మూయడం లేదు. పగలు మాత్రం, ఇల్లు వెనక సందులోనే కాబట్టి, పన్నెండింటికి అత్తగారు చంటిదాన్ని ఎత్తుకొస్తే తను ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని పాలిచ్చేది. అక్కడికి ఆ పాట సన్నగా వినబడేసరికి పిల్ల రెప్పలు బరువెక్కేవి. ఇంట్లో కూడా ఓ రాత్రి వినిపిస్తే ఏం పోతుందనుకుంది.

పోయేది ఉద్యోగమని తెలియక కాదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి, బిడ్డకు పాలిచ్చుకుంటూ చేసుకోగల కొలువు ఇంకెక్కడ దొరుకుతుంది? "మూడు నెలలు చూసి చెప్తానమ్మా" అన్నారు డాక్టరు గారు చేరిన రోజున. ఆ మూడు నెలలూ ఈ శనివారంతో సరి.

పాటంటే నిజానికి పాట కాదు. మాటలుండవు. ఏ తొందరా లేని పెద్దమనిషి సాయంత్రం షికారుకు వెళ్ళినట్టు ఒక శాక్సోఫోను మెల్లగా వెళ్ళి మెల్లగా వస్తుంది. దాన్ని స్మూత్ జాజ్ అంటారని డాక్టరు గారు చెప్పారు. నర్సక్క మాత్రం పథ్యం పాటలంటుంది. "ఉప్పు లేదు, కారం లేదు. జ్వరమొచ్చినవాడికి పెట్టే తిండి తెచ్చి చెవుల్లో పోస్తున్నారు" అని ఆమె ఫిర్యాదు. పేషెంట్లు ఆ పాటను మెచ్చుకున్నదీ లేదు, తిట్టినదీ లేదు. ఫ్యానుగాలి ఎలాగో అదీ అలాగే.

రాత్రి పాట బ్రహ్మాండంగా పనిచేసింది. చంటిది పడుకుంది. చంటిదానితో పాటు అత్తగారు పడుకుంది, మొగుడు పడుకున్నాడు, అలారం పెట్టుకున్న కౌంటరమ్మాయి ఆ అలారాన్ని ఎప్పుడు నొక్కేసిందో తెలియకుండా పడుకుంది. కళ్ళు తెరిచేసరికి ఎండ గోడ మీద సగం దాకా దిగి ఉంది. గడియారంలో ఎనిమిదీ ఇరవై. రేడియో పక్కన గుచ్చి ఉండాల్సిన పెన్ డ్రైవ్ చోటున ఖాళీ కన్నం.

"అత్తయ్యా! దీనికి గుచ్చింది ఏమైందండీ?"

"నాకేం తెలుసే తల్లీ. తెల్లవారుజామున చంటిది పాక్కుంటూ ఆ రేడియో దగ్గరికి చేరింది. చేతిలో ఏదో నల్లగా మెరుస్తుంటే చూశాను. ఆ తర్వాత... ఆ తర్వాత మళ్ళీ నిద్ర పట్టేసింది. అంత నిద్ర నా జన్మలో ఎరగను."

కౌంటరమ్మాయి పై ప్రాణాలు పైనే పోయాయి. చంటిది ఏదో చప్పరిస్తూ, బోసినోటితో అదోలా నవ్వుతోంది. తప్పు చేసినవాళ్ళ నవ్వు. వేలు పెట్టి నోరంతా వెతికింది. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఇంకా భయంగా ఉంది.

"మింగితే పాట వినబడాలి కదా," అన్నాడు మొగుడు, గడ్డానికి సబ్బు రాసుకుంటూ. "పొట్టకి చెవి పెట్టి చూడండి."

అత్తగారు నిజంగానే పెట్టింది. "గుడగుడమంటోందిరా."

"శాక్సోఫోనా?"

"పాలు."

"మీకు నవ్వులాటగా ఉంది!" అని కౌంటరమ్మాయి ఏడుపు మొదలెట్టబోతే, అత్తగారు భుజం పట్టి గుమ్మం వైపు తిప్పింది. "అంత లావుది పిల్ల గొంతులో పడుతుందా? ఏ మంచం కిందో ఉంటుంది. నువ్వెళ్ళి తలుపు తియ్యి. దొరగ్గానే పట్టుకొస్తాను."

ఆసుపత్రి చేరేసరికి ముగ్గురు పేషెంట్లు మెట్ల మీదే నిలబడి ఉన్నారు. టైలరమ్మ దవడ పట్టుకుని, ప్లీడరు గారు గడియారం పట్టుకుని, బ్యాండు తాత ఏదీ పట్టుకోకుండా. తాత ముప్పై ఏళ్ళు పోలీసు బ్యాండులో క్లారినెట్ ఊదాడు. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు, కట్టుడు పళ్ళకు కొలతలిచ్చుకోవడానికి వస్తున్నాడు. ఆ వెనకే డాక్టరు గారూ వచ్చారు. లోపలికి నడుస్తూ గుమ్మం దగ్గర ఆగి, గాలిలో ఏదో వాసన తగ్గినట్టు తల ఎత్తారు.

"పాటేదమ్మా?"

"పెడుతున్నానండి. ఇదిగో, ఇప్పుడే."

ఆయన టైలరమ్మను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. నర్సక్క తలుపు చేరవేసింది.

బయటి గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మూడు నెలల్లో మొదటిసారి తెలిసింది. గోడ గడియారం అడుగులేస్తోంది. ఎక్కడో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆ తర్వాత తలుపు వెనకనుంచి మిషను మొదలైంది. సన్నగా, పదునుగా, తుమ్మెద ఒకటి ఎముకలోకి దారి వెతుక్కుంటున్నట్టు. ప్లీడరు గారి కాలు ఊపడం ఆగిపోయింది.

మిషనొక్కటే అయితే బాగుండేది. పని చేస్తున్నంతసేపూ తనతో తను మాట్లాడుకోవడం డాక్టరు గారి అలవాటు. ఇన్నాళ్ళూ పాట కింద పడి నలిగిపోయిన ఆ మాటలు ఇవాళ ఒక్కొక్కటే విడివిడిగా బయటికి వచ్చాయి.

"అబ్బే... ఇది కాదు... ఇంకా లోపలుందే... అయ్యో, పోయింది!"

ప్లీడరు గారు కౌంటరు మీదికి వంగారు. "ఏమ్మాయ్, ఏం పోయింది లోపల?"

"దూది అయ్యుంటుందండి."

"దూదికి అయ్యో అంటారా ఎవరైనా?"

కౌంటరమ్మాయి ఫ్యాను ఆఖరి నంబరు దాకా తిప్పింది. దాని రెక్కలు కటకటమంటూ, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. ఆపేసింది. పాటల పెట్టెలో రేడియో కూడా ఉందని గుర్తొచ్చి చక్రం తిప్పింది. "...శిథిలాల కింద ఇంకా ఎంతమంది ఉన్నారో..." అంది ఒక గంభీరమైన గొంతు. అదీ ఆపేసింది.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

"దొరకలేదా?" అంది కౌంటరమ్మాయి గుసగుసగా. ఆ నిశ్శబ్దంలో గుసగుస కూడా చాటింపులాగే వినబడింది. "మంచం కింద చూశారా?... ఎక్కిళ్ళా? ఎన్నిసార్లు?... అయితే మింగేసిందంటారా?... దేవుడా, అంత ఇనప ముక్క లోపలికెలా పోయిందండీ! ఊపిరి ఆడుతోందా?... వద్దు, వద్దు, డాక్టరు గారికి మాత్రం తెలియకూడదు. నా ఉద్యోగం పోతుంది!"

ఫోను పెట్టేసరికి ప్లీడరు గారు లేచి నిలబడి ఉన్నారు. మొహంలో కోర్టు కళ వచ్చేసింది.

"విన్నావా తాతా? లోపల టైలరమ్మ ఇనప ముక్క మింగేసిందట. డాక్టరుకి తెలియకూడదట!"

"అయ్యయ్యో, అది కాదండీ..."

"ఏది కాదు? మింగలేదా?"

"మింగిందో లేదో ఇంకా తెలీదండీ!" అంది ఆ అమాయకురాలు.

ప్లీడరు గారు రెండంగల్లో వెళ్ళి లోపలి తలుపు బాదారు. "డాక్టర్! ఆపండి! ఆవిడ గొంతులో ముక్క ఉంది!"

లోపల మిషను ఆగింది. నోరు తెరుచుకుని పడుకున్న టైలరమ్మకు ఆ మాట నేరుగా చెవిలో పడింది. తను మింగిన సంగతి తనకే తెలియదన్నమాట. రెండు చేతులతో గొంతు పట్టుకుని "ఆఁ! ఆఁ!" అని కాళ్ళు కొట్టుకుంది. నర్సక్క పళ్ళెంలో పరికరాలు లెక్కపెట్టి కెవ్వుమంది.

"పన్నెండు ఉండాలి సార్! పదకొండే ఉన్నాయి!"

డాక్టరు గారి మొహం గోడ సున్నంలా అయిపోయింది. టైలరమ్మ గొంతులోకి దీపం వేసి చూశారు, కుర్చీ కింద చూశారు, నర్సక్క చేత చెప్పులు విప్పించి చూశారు. పన్నెండోది ఆయన చేతిలోనే ఉందని చివరికి గమనించింది టైలరమ్మే. నోట మాట రాక వేలితో చూపించింది.

ముక్క గండం గడిచింది. కానీ డాక్టరు గారు మిషను ముట్టుకోకుండా తలుపు తీసుకుని బయటికి వచ్చేశారు.

"పాట పెట్టమ్మా," అన్నారు బతిమాలుతున్నట్టు. "ఆవిడ పన్ను సగంలో ఉంది. పాట లేకుండా నా వల్ల కాదు."

"పేషెంట్లకి భయం పోవడానికి కదండీ పాట?"

"పేషెంట్లకెవరు పెట్టారమ్మా! నాకు." ఆయన గొంతు తగ్గించారు, తగ్గించినా అందరికీ వినబడింది. "ఆ మిషను చప్పుడంటే చిన్నప్పట్నుంచీ నాకు ప్రాణభయం. పదిహేనేళ్ళుగా పాట అడ్డం పెట్టుకుని లాక్కొస్తున్నాను. ఇవాళ తిన్నగా వినబడింది."

ప్లీడరు గారు మెల్లగా కూర్చున్నారు. భయపడుతున్న డాక్టరును చూసి భయపడడానికి ఆయనకింకా ధైర్యం చాల్లేదు. లోపల సగం తొలిచిన పన్నుతో టైలరమ్మ మూలుగుతోంది. అందరి కళ్ళూ కౌంటరమ్మాయి మీదే.

పెన్ డ్రైవ్ లేదని చెప్పాలి. చెప్తే ఎక్కడుందంటారు. ఎక్కడుందో చెప్పాలంటే ఎవరు తీశారో చెప్పాలి. ఇంకేం తోచక, చంటిది గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు చేసేదే చేసింది. కళ్ళు మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది.

వచ్చింది ఆ పాటే. ఎవరూ నేర్పలేదు, ఒక్కరోజూ చెవి ఒగ్గి వినలేదు. అయినా మొదటి మలుపు వచ్చింది, దాని వెనక రెండోది, తాళం వేసిన గదిలోంచి సామాను ఒక్కొక్కటే బయటికొచ్చినట్టు. డాక్టరు గారు ఆమె వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికి వెళ్ళారు. తలుపు తెరిచే ఉంచారు. మిషను మళ్ళీ మొదలైంది.

"ఆగాగు," అన్నాడు బ్యాండు తాత బోసినోటితో. "అక్కడ పైకి పోకూడదు. కిందికి దిగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు పోవాలి." తనే అందుకుని దిగి చూపించాడు.

"ఆ దిగడం రెండుసార్లు తాతా," అన్నారు ప్లీడరు గారు. అన్నాక తనే ఆశ్చర్యపోయారు. "నాకెలా తెలిసిందబ్బా ఇది?"

లోపల్నుంచి నర్సక్క కూడా ముక్కుతో పలికింది, పథ్యం పాటని. నోరు తెరిచి ఉన్న టైలరమ్మ "ఆఁ" అని ఒక్క స్వరం మాత్రం చివరిదాకా పట్టుకుంది. అదీ శ్రుతిలోనే ఉంది.

"చప్పగా ఉందని మేమూ నవ్వేవాళ్ళం బ్యాండులో," అన్నాడు తాత, ఊపిరి తీసుకునే సందులో. "గట్టిగా ఊదడానికి దమ్ముంటే చాలమ్మా. ఎవరూ తలతిప్పి చూడకుండా ఊదాలంటే... ముప్పై ఏళ్ళు ఊదాను, నాకు చేతకాలేదు."

పన్ను పని అయ్యేసరికి పాట నాలుగుసార్లు తిరిగింది. టైలరమ్మ బయటికి వస్తూ ఉండగా, అత్తగారు చంటిదాన్ని చంకనేసుకుని రొప్పుతూ లోపలికి వచ్చింది.

"దాచి లాభం లేదే! డాక్టరు గారూ, మా మనవరాలు మీ పాట మింగేసిందండీ!"

కౌంటరమ్మాయి కూనిరాగం టక్కున ఆగిపోయింది. డాక్టరు గారు ఏమీ అర్థం కాకపోయినా దీపం వేసి చంటిదాని నోరు చూశారు.

"ఇక్కడ పాటేమీ లేదండీ. తెల్లటిది ఒకటుంది. కింది చిగుళ్ళలో పన్నొస్తోంది. రాత్రిళ్ళు ఏడుస్తోందా?"

"ఏదీ, నన్ను చూడనివ్వండి," అని అత్తగారు సంచిలోంచి కళ్ళజోడు డబ్బా తీసి తెరిచింది. కళ్ళజోడుతో పాటు నల్లటి పెన్ డ్రైవ్ జారి నేల మీద పడింది. అత్తగారు నాలిక్కరుచుకుంది. "పిల్ల నోట్లో పెట్టుకుంటుందని నేనే లాక్కుని ఇందులో దాచానన్నమాట. నిద్రమత్తులో." మాట మార్చి, "పన్ను భలే ఉందండీ," అంది.

ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు. కౌంటరమ్మాయి పెన్ డ్రైవ్ తీసి కొంగుతో తుడిచి డాక్టరు గారి ముందు పెట్టింది. "నేనే తీసుకెళ్ళానండీ. అడగలేదు. పిల్ల నిద్రపోతుందని. ఇవాళ్టితో మానేయమంటే మానేస్తాను," అంది.

డాక్టరు గారు పెన్ డ్రైవ్ చేతిలోకి తీసుకున్నారు.

"ఇంటికి తీసుకెళ్ళావా? నీ అంతట నువ్వే?"

"అవునండీ."

"రాత్రంతా విన్నారా? అందరూ?"

"తప్పేనండీ."

"అమ్మా, నీకంటే ముందు ఐదుగురు వచ్చారు ఈ కౌంటరులోకి. రోజంతా ఈ పాట వినలేక ఐదుగురూ పారిపోయారు. ఒకావిడ చెవుల్లో దూది పెట్టుకుని ఫోన్లు ఎత్తడం మానేసింది. మూడు నెలలు అని చెప్పింది నిన్ను పరీక్షించడానికి కాదు, నువ్వెన్నాళ్ళు ఓర్చుకుంటావో తెలియక. ఇవాళ వెళ్ళిపోతానంటావేమోనని పొద్దుట్నుంచీ నాకు గుండె దడ." ఆయన పెన్ డ్రైవ్ ఆమె అరచేతిలోనే పెట్టారు. "రాత్రికి మళ్ళీ తీసుకెళ్ళు. పొద్దున్న మాత్రం తొందరగా రా తల్లీ."

పాట మొదలైంది. ప్లీడరు గారు తన వంతు వచ్చినా లేవలేదు. ఆ దిగడం రెండుసార్లా, మూడుసార్లా తేలేదాకా ఆగమన్నారు.

సోమవారం పొద్దున ప్లీడరు గారు ఇద్దరు స్నేహితులతో, బ్యాండు తాత తన పాత బృందంతో, అత్తగారు చంటిదానితో వచ్చి కుర్చీలన్నీ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పన్నునొప్పితో వచ్చినవాళ్ళు ముగ్గురూ నిలబడే ఉండాల్సి వచ్చింది.