నలభై నాలుగు పేర్ల రాయి

"ఈ గల్లీ చరిత్రల ఇదొక మలుపు!" అని కార్పొరేటర్ ఓంప్రకాశ్ గారు మైకులో ప్రకటించారు. మారేడ్‌పల్లిలోని ఆ గల్లీ మధ్య మూడేళ్లుగా నోరు తెరుచుకుని ఉన్న మ్యాన్‌హోల్‌కు మూత రాబోతోంది. మూతకంటే ముందు శిలాఫలకం రావాలి కదా, పద్ధతి అది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ప్రభుదాస్. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర అతనికి బోర్డులు, శిలాఫలకాలు తయారుచేసే షాపుంది. ఇల్లేమో ఆ మ్యాన్‌హోల్ ఎదురుగానే. పోయిన వానాకాలం భార్య జ్ఞానమణి టీచర్ బడికి వెళ్తూంటే ఒక కాలు అందులో దిగబడింది. ఇప్పటికీ కుంటుతోంది. మళ్లీ వానలు పదిరోజుల్లో ఉన్నాయి. భయం ఉండదా మరి!

మర్నాడు కార్పొరేటర్ గారు స్వయంగా షాపుకు వేంచేశారు.

"ప్రభుదాసూ, పేర్లు నలభై మూడు. ఒక్కటి తగ్గినా నాకు పరేషాన్. అక్షరం లావుగుండాలె, సడక్ మీదికెల్లి కనవడాలె."

"రాయి రెండున్నర అడుగులే సార్. ఎట్ల పడతయి?"

"జెర నొక్కు."

ప్రభుదాస్ వెతికి వెతికి ఒక ఫాంట్ పట్టాడు. లావు, పొడుగు, ఇరుకు. కొసల్లో సోకులేమీ లేవు. పోస్టర్ మీద రెండే రెండు మాటలు పెద్దగా వేయడానికి పుట్టిన అక్షరం అది. అందులో నలభై మూడు పేర్లు కూరేసరికి పొద్దుటి ఎంఎంటీఎస్ రైల్లో జనంలా నిలబడ్డాయి. పైవరస ఒత్తులు కిందివరస గుడుల్లో దూరాయి.

"ఇంక పని పేరు ఉంది సార్, 'మ్యాన్‌హోల్ మూత' అని."

"అది తీసెయ్. ఆ జాగల మా బామ్మర్ది రాజేందర్‌ని ఎక్కియ్."

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. లోతుగా చెక్కిన ఆ అక్షరాలు చూసి కార్పొరేటర్ గారి కళ్లు చెమర్చాయి.

మూత మాత్రం రాలేదు. ప్రభుదాస్ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగాడు. ఇంజనీరు గారు శిలాఫలకం ఫొటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"దీంట్ల మూత అని యాడుందయ్యా? రాయి పెట్టుడే పని. పని పూర్తయిందని రాసేసినం."



పదోరోజు పొద్దున మబ్బు పట్టింది. జ్ఞానమణి గడప దాటబోయి ఆగింది.

"ఏమండీ, నా వల్ల కాదండీ. ఈసారి పడితే లేవను."

ప్రభుదాస్ గునపం పట్టుకుని బయల్దేరాడు. గల్లీవాళ్లు నలుగురు తలో చెయ్యి వేసి శిలాఫలకాన్ని పెకలించారు. రాయి మ్యాన్‌హోల్ మీద అతికినట్టు సరిపోయింది. జ్ఞానమణి దాని మీదుగా నడిచి బడికి వెళ్లింది.

వారానికి, కుండపోతలో, కార్పొరేటర్ గారు తనిఖీకి వచ్చారు. వచ్చి వచ్చి సరిగ్గా ఆ రాయి మీదే నిలబడ్డారు.  షాపు గోవిందా అనుకున్నాడు ప్రభుదాస్.

ఆయన కిందికి చూశారు. వంగి చూశారు. బూటుతో తన పేరునే రుద్ది చూశారు.

"ఈ మూత ఎవలేసిన్రు?"

"మేమే సార్."

"శభాష్! డిజైన్ మస్తుంది. కాలు సుత జారుతలేదు." ఆయన గొడుగు సర్దుకున్నారు. "వార్డుల ఇంకో పన్నెండు తెరిచున్నయ్. అన్నిటికీ శిలాఫలకాలు వేద్దాం. అదే అక్షరం కొట్టు."

"ఒక్కోటి ఎంత వెడల్పు సార్?" అని అడిగాడు ప్రభుదాస్, జేబులోంచి టేపు తీస్తూ. "ముందు గుంతలు కొలుచుకుని వస్తా."