నాగివా తారో పన్నెండింటికి పోయాడు

తెల్లవారినప్పటి నుంచి మబ్బు కొండ నడుము మీద కూర్చుని ఉంది. కురవదు, కదలదు. చిజురు సైకిల్ మీద నాగివా ఊరి కార్యాలయానికి వచ్చింది. ఆమెది ఒప్పందపు ఉద్యోగం, నెలాఖరుతో సరి. జనన మరణాలు నమోదు చేసే గుమస్తాలకు తను తయారు చేసిన ఆన్‌లైన్ పాఠాలు ఈ రోజు సవ్యంగా సాగితే పొడిగిస్తానని కురమోతో అనే అధికారి అన్నాడు.

మూడో పాఠం మరణం నమోదు. చచ్చేవాడికి ఒక పేరు కావాలి. ఏ ఊరి ఫారం చూసినా నమూనా పేరు ఒకటే తీరు: ఊరి పేరే ఇంటిపేరు, పక్కన తారో. చిజురు కూడా అదే పెట్టింది.

కొండవతల శాఖలో మొరివాకి నలభై ఏళ్లు కాగితం మీదే పనిచేసినవాడు. పదకొండున్నర దాటాక ఫోన్ చేశాడు.

"అమ్మాయీ, చావు ఎక్కించేశా. అచ్చం నిజంలాగే చేశావే. పేరు కొట్టగానే చిరునామాతో సహా వచ్చేసింది."

ఆమె పాఠంలో చిరునామా లేదు.

"మొరివాకి గారూ, తెర అంచు ఏ రంగుంది?"

"నీలం."

సాధన తెరకు పసుపు. నీలం అసలు రికార్డుది.

"డాక్టరు కాగితం అడగలేదా?"

"అడిగింది. ఉందని టిక్కు పెట్టమని నువ్వే రాశావుగా."

ఆ పేరుగల ముసలాయన కొండ కింద నిజంగానే ఉన్నాడు. ఆయన ఇంట్లో ఫోన్ మోగి మోగి ఊరుకుంది. ఎక్కిన చావును మధ్యాహ్నం పన్నెండింటికి స్తంభాల మీది మైకులు వాటంతట అవే చదువుతాయి. చిజురు పరిగెత్తేసరికి మైకు గదికి తాళం. తాళంచెవి భోజనానికి వెళ్లింది.

"నాగివా తారో గారు, ఎనభై రెండేళ్లు, మరణించారు." కొండలు ఇంకోసారి అన్నాయి.

ఆమె, అధికారి కురమోతో ఇద్దరూ తారో ఇంటికి చేరేసరికి వాడలోని ఆడవాళ్లు వంటింట్లో దిగిపోయారు. చావింట పొయ్యి ఇరుగుపొరుగుదే. మైకు విని మొరివాకి కూడా నల్ల టై కట్టుకుని వచ్చాడు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉందేమో అనుకుంటున్నారు.

తారో బుట్టెడు ఆకుకూర మొగ్గలతో కొండ దిగి వచ్చాడు.

"ఎవరు పోయారు?"

పొరుగింటి ఫుసాయే తల ఎత్తకుండానే గరిటె తిప్పుతూ, "నువ్వే, తారో," అంది.

"ఎప్పుడు?"

"పన్నెండింటికి."

అప్పుడు గరిటె ఆగింది.

అధికారి కురమోతో నడుము వంచి క్షమాపణ చెప్పుకున్నాడు. చిజురు అప్పటికే మెడలోని గుర్తింపు కార్డు తీసి చేత్తో పట్టుకుంది.

"ఎక్కిన చావు తీయాలంటే కోర్టుకెళ్లాలి," అన్నాడాయన. "ఆ పాఠం ఉందా?"

"లేదండి."

"మనలో ఎవరికైనా వచ్చా?"

మొరివాకి టై సర్దుకున్నాడు.

"అయితే కార్డు వేసుకో. నేర్చుకుని రాయాలి. ఏడాది పడుతుంది."

వండినది పారేయలేరు కనుక అందరూ కూర్చున్నారు. తారో తన గిన్నెలో, చనిపోయినవాళ్లకు పెట్టినట్టు అన్నంలో నిలువుగా గుచ్చిన పుల్లలు పీకి, వాటితోనే తినడం మొదలుపెట్టాడు.

కాసేపటికి, రికార్డుల ప్రకారం మృతుడు, ఖాళీ గిన్నె ముందుకు చాచాడు.